దిగే దోవ

పంతొమ్మిదేళ్లుగా కొండకు బస్సు తోలతా ఉండా.
ఎక్కే దోవ వేరు, దిగే దోవ వేరు.
ఎక్కేటప్పుడు ఇంజను అరస్తాది,
దిగేటప్పుడు నా కడుపు.

అలిపిరి కాడ రాత్రి పదకొండుకు పరోటా,
రెండింటికి టీ, మూడింటికి ఇంకో టీ,
తెల్లారుజాము గొంతులోకి ఎగదన్నే పులుపు.
జేబులో తెల్లమాత్రలు చిల్లరతో కలిసిపోయి
టీకొట్టాయనకు రూపాయని మాత్ర ఇచ్చినానంట.
కండక్టరు మునస్వామి డిపో అంతా చెప్పి నవ్వినాడు.

మా ధనకోటి నవ్వలేదు.
సెలవు రోజు చూసి
ఆయుర్వేద ఆసుపత్రి బల్ల మీద కూలేసింది నన్ను.
గోడలకు సైతం కషాయం వాసన.
పక్కనొకాయన మోకాళ్లు తైలం తాగి
దోసెపెనం మాదిరి మెరస్తా ఉండాయి.

డాక్టరు నీరజాక్షి. కళ్లద్దాలకు నల్లదారం.
జబ్బేందని అడగలేదామె.
"ఎవురితో కూచుని తింటావు?
ఆకలైతే తింటావా, తీరిక దొరికితే తింటావా?
కోపమొస్తే యాడ పెట్టుకుంటావు?"
కోపానికి ఒక తావుంటాదని నాకేం తెలుసు?
"బస్సులోనే" అన్నా.
అది కూడా రాసుకునింది.

మణికట్టు మీద మూడువేళ్లు ఆనించి కళ్లు మూసింది,
బానెట్టు మీద చెయ్యేసి నేను ఇంజను వినే మాదిరి.
చూపుడువేలి కింద వాతం, పాములా జరగతా ఉందంట.
నడిమివేలి కింద పిత్తం, కప్పలా ఎగరతా ఉందంట.
ఉంగరంవేలి కింద కఫం
హంసలా నడవాల్సింది, అలిసి కూచునిందంట.

"వీటిలో ఏదీ నీకు పగ కాదు నాయనా.
గాలి లేకుంటే కదల్లేవు,
నిప్పు లేకుంటే మెతుకు అరగదు,
జిగురు లేకుంటే కీలు కిర్రుమంటాది.
ఒకటి తన హద్దు దాటినప్పుడే దానికి జబ్బని పేరు.
సరే గానీ, రేడియేటరు మరిగితే ఏం చేస్తావు?"

"బండి నిలబెడతా.
మూత ఎంటనే తియ్యను. ఆరేదాకా నీడలో కూచుంటా."
"ఎవురు నేర్పినారు?"
"చెయ్యి కాలి నేర్చుకున్నా."
"మరి లోపల కాలేదాన్ని మాత్రం
మాత్రతో మూతేసి తోలతా ఉండావే!"

చీటీలో మందు తక్కువ, నా దినమంతా ఎక్కువ.
చీకటి పడేసరికి తిండి.
నానేసిన ధనియాల నీళ్లు, మజ్జిగలో వేపిన జీలకర్ర,
పడుకోబోయే ముందు అరికాళ్లకు నూనె, అదీ ధనకోటి రాయాలంట.
పరోటా మీద అడ్డగీత.
అడుగున ఇంకో మాట:
"పెద్దాసుపత్రికి పో, గొట్టమేసి పుండుందేమో చూడనీ.
రెండు కళ్లుండాయి కదా, రెండిటితోనూ చూద్దాం."

నలభై దినాలయింది.
పులుపు పూరా పోలేదు, అబద్ధమెందుకు?
డ్యూటీ చార్టుకు నాడి లేదు కదా,
దాని మణికట్టు యాడుందో వెతికేవాడూ లేడు.
మేనేజరు కాళ్లావేళ్లా పడితే
పదైదు రోజులు పగలు వేసినాడు, మళ్లీ రాత్రే.
డబ్బాలో సంగటి తెచ్చుకుని
బస్సు ఎక్కబోయే ముందు తింటా ఉండా.
మునస్వామి మొదట ఎగతాళి చేసినాడు,
ఇప్పుడు సగం ముద్ద వాడిదే.

కొత్త డ్రైవర్లకు నేనెప్పుడూ చెప్పేదొకటే:
దిగేటప్పుడు బ్రేకు మీద బతకొద్దు, కాలిపోతాది.
గేరుకు అప్పజెప్పు, బండే బండిని పట్టుకుంటాది.
ప్రతి మలుపులోనూ ఒక పక్కకు ఒరిగి
మళ్లా సర్దుకోవాల్సిందే.
ఒరగకుండా దిగినోడు ఎవుడూ లేడు.
ఈ మాట ఇన్నేళ్లు
నా నోట్లోంచి బయటికే పోయింది, లోపలికి దిగలేదు.

నిన్న తెల్లారుజాము
ముందు సీట్లో గుండు పాప, నెత్తిన గంధం,
మలుపు మలుపుకూ మొహం పాలిపోతా ఉంది.
తల్లి కవరు పట్టుకునింది.
ధనకోటి కట్టిచ్చిన ఉప్పల్లం ముక్క
వెనక్కి చెయ్యి చాపి ఇచ్చినా.
పాప కళ్లు గట్టిగా మూసి చప్పరించింది.
బస్సంతా అల్లం వాసన.
వెనకెవురో నిద్దట్లోనే గోవిందా అన్నారు.
కింద ఊరు దీపాలు ఒక్కొక్కటే ఆర్పుకుంటా ఉంది.
నేను రెండో గేరులో.